పట్టు వదిలిన చప్పుడు

జీపు షాపు గేటులోకి ఒక్క తిప్పుకి రాలేదు. నర్సమ్మ స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని, సీట్లోంచి సగం లేచి, ఒంటి బరువంతా వేసి లాగితే ముందు చక్రాలు కొంచెం కొంచెంగా మళ్ళాయి. వెనక్కి పోనిచ్చి, మళ్ళీ ముందుకి తెచ్చి, గేటు స్తంభాన్ని వెంట్రుకవాసిలో తప్పించి ఎలాగో లోపలికి తెచ్చి ఆపింది. ఇంజను ఆపాక కూడా వెంటనే దిగలేదు. అరచేతులు చూసుకుంటూ కూర్చుంది.

"మేస్త్రీగారూ, దీంతో కుస్తీ పట్టడం ఇక నావల్ల కాదు" అంది.

పెద్ద మేస్త్రీ గుడ్డపీలికతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. తలుపులోంచి చెయ్యి పెట్టి స్టీరింగు తిప్పాడు. సగందాకా బాగానే వచ్చింది. తర్వాత పంటికింద ఇసుక నలిగినట్టు లోపల కరకరమంది. ఆ వెంటనే పట్టేసింది. అతను బలవంతం చెయ్యకుండా వదిలేశాడు.

"ఎన్నాళ్ళనుంచీ ఇలా ఉందమ్మా?"

"బిగుసుకోవడం మొదలై చాలా రోజులైంది. నిన్న మాత్రం వాగు మలుపులో అసలు తిరగనే లేదు. బండరాయి అడ్డం వచ్చింది కాబట్టి ఆగాం. వెనకసీట్లో నెలలు నిండిన పిల్ల. భయపడకు తల్లీ అని నేను దానికి చెబుతున్నాను గానీ, నా కాలే బ్రేకు వదలనంది." నర్సమ్మ దిగి, మందుల పెట్టెని భుజానికి తగిలించుకుంది. "కొండ మీద ఇంకో ఇద్దరికి రోజులు దగ్గరపడ్డాయి. వాన దిగిందంటే వాగు దాటనివ్వదు. ఈలోపు వాళ్ళని కిందికి తెచ్చెయ్యాలి. ఆ దారి ఎక్కే బండి ఇదొక్కటే. మీకు తెలీనిదేముంది?"

అతనికి తెలుసు. కంపెనీవాళ్ళు ఇలాంటి జీపు తయారు చెయ్యడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు ఇందులో ఏ ముక్క విరిగినా దాని జోడు దొరకదు. పాత సామాన్ల కొట్లన్నీ గాలించి ఇక లేదనిపించుకున్నవాడు అతనే.

"స్టీరింగ్ బాక్స్ విప్పి చూడాలి. లోపల బేరింగేదో నలిగినట్టుంది. బేరింగైతే ఇప్పటికీ దొరుకుతుంది, అది పెద్ద పని కాదు. నువ్వు వెళ్ళమ్మా, చేసిపెడతాను" అన్నాడు.

అన్నంత తేలిగ్గా పని మొదలైంది. జాకీ ఎత్తి, ముందు చక్రం ఊడదీసి, చక్రం పైనున్న రేకుని కూడా తీసేసి, బండి కింద పని చెయ్యడానికి తవ్విన గోతిలోకి దిగి అడుగునుంచి చూశాడు. స్టీరింగ్ బాక్స్ లోంచి కిందికి ఒక లావుపాటి ఇరుసు దిగుతుంది. దాని చివర జానెడు పొడుగు ఇనుప చెయ్యి ఒకటి వేలాడుతుంది. డ్రాప్ ఆర్మ్ అంటారు దాన్ని. పైన స్టీరింగు తిప్పితే కింద ఈ చెయ్యి ఊగుతుంది. అది ఊగితేనే బండి మళ్ళుతుంది. బాక్స్ బయటికి రావాలంటే ముందు ఈ చెయ్యి ఇరుసుని వదలాలి. ఇరుసు చుట్టూ సన్నటి నిలువు పళ్ళుంటాయి, చెయ్యి కన్నంలోనూ అలాంటివే ఉంటాయి. ఒకదాంట్లో ఒకటి దూరి కూర్చుంటాయి.

నట్టు వచ్చింది. పెద్ద పానాకి గొట్టం తొడిగి వేలాడితే కెవ్వుమని వచ్చింది. చెయ్యి మాత్రం కదల్లేదు.

అతను దాని మీద తుప్పునూనె పోశాడు. సుత్తితో నాలుగువైపులా తట్టాడు. చెవి దగ్గరపెట్టి విన్నాడు. చెయ్యి ఎక్కడ ఆగిందో, ఇరుసు ఎక్కడ మొదలైందో కంటికి ఆనలేదు. రెండింటి మధ్యా ఉండాల్సిన సన్నటి గీత తుప్పులో కలిసిపోయింది. ఆ రెండూ ఒకే అచ్చులో పోసినవేమో అనిపించింది. ఈ వృత్తిలో జుట్టు నెరిసింది గానీ ఇంత గట్టి కావిలింత అతను చూడలేదు. ఎన్ని వాగుల నీళ్ళు, ఎన్ని వేసవుల దుమ్ము కలిసి దీన్ని ఇలా అతికించాయో అనుకుంటూ, పని మరిచిపోయి కాసేపు వేలితో తడుముతూ ఉండిపోయాడు.

"ఏమండీ, గోతిలో నిద్రపోయారా?" పైనుంచి భార్య అడిగింది.

"లేదే. దీన్ని చూస్తున్నా."

"చూస్తే వస్తుందా?"

"చూస్తే రాదు. పట్టుకుని లాగే పుల్లర్ ఉంటే వచ్చును."

పుల్లర్ మాట వచ్చేసరికి ఇద్దరూ షాపు మధ్యనున్న రేకుల గోడకేసి చూశారు.

ఆ గోడకి అవతలివైపు చిన్న మేస్త్రీది. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు పెద్దమనుషులు సామానుని రెండు కుప్పలు చేసి పంచిపెట్టారు. వాళ్ళకి ఏది దేనికి పనికొస్తుందో తెలీదు. ఇనుము కాబట్టి ఇనుములాగే పంచారు. పానాల సెట్టులో సరిసంఖ్యలవి ఇటొచ్చాయి, బేసివి అటెళ్ళాయి. పుల్లర్ కాళ్ళు ఇటొచ్చాయి, ఆ కాళ్ళ మధ్య తిరగాల్సిన స్క్రూ అటెళ్ళింది. అప్పట్నుంచీ ఇక్కడ పదిహేడు పానా కావాల్సిన చోట పద్ధెనిమిదికి గుడ్డ చుట్టి తిప్పుతున్నారు. అక్కడా అలాగే తిప్పుతుంటారు. రేకులోంచి ఒకరి దగ్గు ఒకరికి వినిపిస్తుంది. మాట మాత్రం దాటదు.

"అడిగి తీసుకురానా?" అంది భార్య.

"వద్దు" అన్నాడు పెద్ద మేస్త్రీ.

మర్నాడు పొద్దున్నే అతను పుల్లర్ కాళ్ళకి ఒక లారీ బోల్టు బిగించి ప్రయత్నం చేశాడు. బోల్టు కాస్త బిగువెక్కగానే అరటిబోదెలా వంగిపోయింది. ఇంకోటి పెట్టాడు. దాని మరలు నలిగి పొడిగా రాలాయి. అప్పుడిక సుత్తి అందుకున్నాడు. గేర్‌బాక్స్ జారి పడ్డ రోజునుంచీ అతని కుడిభుజం చెప్పుచేతల్లో లేదు. ఎడమ చేత్తో కొట్టాడు. కొట్టినప్పుడల్లా సుత్తి తిరిగి తన మీదికే ఎగిరొచ్చేది. డ్రాప్ ఆర్మ్‌కి చీమ కుట్టినట్టయినా లేదు.

మధ్యాహ్నానికి భుజం వాచింది. భార్య వేడినీళ్ళలో గుడ్డ ముంచి కాపడం పెట్టింది.

"మంట పెట్టకూడదా? కాస్త ఎర్రగా కాలిస్తే వదులుతుందని మీరే అంటుంటారుగా?"

"వేరేదైతే పెట్టేవాణ్ణి. స్టీరింగులో ఇనుముని కాలిస్తే దాని సత్తువ పోతుంది. పైకి మామూలుగానే ఉంటుంది. ఎప్పుడో ఏ కొండ మలుపులోనో పుటుక్కుమంటుంది. అందులో కడుపుతో ఉన్నవాళ్ళు కూర్చుంటారు." అతను కళ్ళు మూసుకున్నాడు. "కోసెయ్యడానికీ లేదు. కోస్తే ఇంకోటి ఎక్కణ్ణుంచి తేను?"

"అయితే ఏం చేస్తారు?"

అతను కళ్ళు తెరిచి గుమ్మంలోంచి బయటికి చూశాడు. బయట ఆకాశం ఒక మూలనుంచి నల్లబడుతోంది. నర్సమ్మ ఆ పూట రెండుసార్లు వచ్చి, గేటు దగ్గరే నిలబడి, లోపల చక్రం లేని జీపుని చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది. అడిగితే బాగుండునని అతనికి అనిపించింది. కనీసం తిట్టినా బాగుండును.

మూడోరోజు పొద్దున అతను గోతిలోకి దిగబోతుంటే గేటు చప్పుడైంది. తమ్ముడి భార్య లోపలికి వచ్చింది. చేతిలో గుడ్డ చుట్టిన పొడుగాటిది ఏదో ఉంది. వేరుపడ్డాక ఆమె ఈ గేటు తియ్యడం అదే మొదలు.

"అక్కా" అని తోటికోడల్ని పలకరించి, గుడ్డ విప్పింది. పుల్లర్ స్క్రూ. మరలకి కొత్తగా గ్రీజు రాసి ఉంది.

పెద్ద మేస్త్రీ దాన్ని అందుకోలేదు. "వాడు పంపించాడా?"

"ఆయన లేరు బావగారూ. దారిలో లారీ ఏదో ఆగిపోయిందని పొద్దున్నే వెళ్ళారు. ఉంటే ఇచ్చేవారే."

"ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోయినా తెచ్చేదాన్ని" అందామె.

వరండాలో అతని భార్య, ఆ ఇంటి పెద్దావిడ, పైకే నవ్వేసింది. పెద్ద మేస్త్రీ గుడ్డపీలికతో చెయ్యి తుడుచుకున్నాడు. స్క్రూ తీసుకున్నాడు. దాన్ని చేతిలో పట్టుకుంటే చాలారోజుల తర్వాత ఊరినుంచి వచ్చిన మనిషి చెయ్యి పట్టుకున్నట్టుంది.

ఆమె వెంటనే వెళ్ళిపోలేదు. జీపు దగ్గరికి వచ్చి, చక్రం తీసిన ఖాళీలోంచి తొంగిచూసింది.

"నిన్నంతా వింటూనే ఉన్నాను. దెబ్బ ఇనుములోకి దిగట్లేదు బావగారూ. కొట్టినదంతా వెనక్కే పోతోంది. అటువైపునుంచి బరువు దన్ను పెట్టాలి. ఇటువైపునుంచి సమ్మెట పడాలి. సుత్తికి లొంగేది కాదిది."

"సమ్మెట లేకనా? అదుగో, మూల పడుంది. ఎత్తడానికి నాకు భుజం ఉండొద్దూ?"

"నేను కొడతాను."

ఈసారి పెద్దావిడ నవ్వలేదు. పెద్ద మేస్త్రీ మరదలికేసి చూశాడు. పల్చటి మనిషి. కొత్తగా ఈ ఇంటికి వచ్చిన రోజుల్లో ఒకసారి, షాపులో మగవాళ్ళంతా లారీ కమాను పట్టీలో బిగిసిపోయిన పిన్నుతో అవస్థ పడుతుంటే, ఈమె వచ్చి సమ్మెట అందుకోబోయింది. 'పెట్టెయ్యమ్మా, రోడ్డున పోయేవాళ్ళు నవ్వుతారు' అన్నాడు తనే. ఆమె పెట్టేసింది. మళ్ళీ ముట్టుకోలేదు.

ఇప్పుడు కూడా ఆ మాటే నోటిదాకా వచ్చింది. గేటు అవతల రోడ్డు మీద మనుషులు వెళ్తున్నారు. కొండవైపు మబ్బు ఇంకాస్త కిందికి దిగింది.

"తీసుకో" అన్నాడు.

ఆమె మూలకి వెళ్ళి సమ్మెట ఎత్తింది. ఆ సమ్మెట పిడి అంటే పెద్ద మేస్త్రీకి మొదట్నుంచీ చిరాకు. ఒకచోట లావు, ఒకచోట సన్నం. ఎక్కడో అక్కర్లేని చోట నొక్కులు పడి ఏ చేతికీ అమరదు. మార్చెయ్యాలని ఎన్నిసార్లో అనుకున్నాడు. ఆమె ఎడమచెయ్యి పిడి చివర వేసింది, కుడిచెయ్యి మధ్యకి జార్చింది. ఆ నొక్కుల్లో ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ వెళ్ళి పడుకున్నాయి. వెతుక్కోలేదు. గిన్నెకి మూత అమరినట్టు అమరిపోయాయి.

అతను ఆ వేళ్ళకేసి, పిడికేసి మార్చి మార్చి చూశాడు.

"అది మన షాపుది కాదండీ" అంది భార్య మెల్లగా. "ఈ పిల్ల పుట్టింటిది. వాళ్ళ నాన్న కొలిమిలోది. చిన్నప్పట్నుంచీ ఆయనకి ఎదురుగా నిలబడి సమ్మెట వేసిన పిల్ల అది. పంపకాల రోజు ఈ సమ్మెటని కూడా కుప్పలో వేసి మనవైపు తోశారు. ఈ పిల్ల నోరు విప్పలేదు. మనమూ అడగలేదు."

"పోనివ్వక్కా, ఇప్పుడెందుకు అవన్నీ" అందామె. ఆమె దృష్టి ఇక్కడ లేదు. చక్రం ఖాళీ ముందు ఒక మోకాలు నేలకానించి, సమ్మెటని నెమ్మదిగా అడ్డంగా ఊపి దారి చూసుకుంటోంది. పైన తగలకూడదు, కింద తగలకూడదు. మధ్యలో ఉన్న సందు ఎంతో ఆమె చేతులు కొలుచుకుంటున్నాయి.

పెద్ద మేస్త్రీ గోతిలోకి దిగి పుల్లర్ తగిలించాడు. కాళ్ళ మధ్య స్క్రూ ఎక్కింది. రెండు ముక్కలూ కలిసి మళ్ళీ ఒక పనిముట్టయింది. పానాతో బిగించాడు, గొట్టం తొడిగి ఇంకా బిగించాడు. స్క్రూ సన్నగా మూలిగింది. ఇక తిరగనని మొరాయించింది. అప్పుడతను పాత రైలుపట్టా ముక్కని రెండు చేతులా ఎత్తి, డ్రాప్ ఆర్మ్ కన్నానికి అవతలి పక్క అదిమిపెట్టాడు. అతని మొహం ఆ ఇనుముకి బెత్తెడు దూరంలో ఉంది. సమ్మెట వచ్చి పడేది ఆ బెత్తెడు అవతలే.

"బావగారూ, భయంగా ఉంటే చెప్పండి" అంది పైనుంచి.

"భయమే. కొట్టు."

ఆమె ముందు గట్టిగా కొట్టలేదు. డాక్టరు వీపు మీద వేళ్ళతో తట్టి చూసినట్టు సమ్మెట మొహంతో నాలుగు చోట్ల తట్టింది. విని, ఒకచోట ఆగింది. వెనక్కి తీసింది.

దెబ్బ పడింది.

పెద్ద మేస్త్రీ తన చేతులు ఊడిపోతాయనే అనుకున్నాడు. ఊడలేదు. నొప్పి కూడా లేదు. దెబ్బ డ్రాప్ ఆర్మ్‌లోంచి, రైలుపట్టాలోంచి, చేతుల్లోంచి, వెన్నెముకలోంచి వెళ్ళి కాళ్ళకింద నేలలో ఎక్కడో ఆగింది. అతను ఊపిరి పీల్చేలోపు రెండోది పడింది. తర్వాత మూడోది. ఆమె బలమంతా పెట్టి కొడుతున్నట్టు లేదు. సమ్మెట తన బరువుకి తనే వస్తోంది. ఆమె దానికి దారి చూపిస్తోందంతే. వెళ్ళే వేగం, వచ్చే వేగం, మధ్యలో చిన్న విశ్రాంతి. ప్రతి దెబ్బా ఆ విశ్రాంతి తర్వాత పుట్టుకొస్తోంది.

అతను కళ్ళు చికిలించి ఇనుముకేసి చూశాడు. నల్లటి తుప్పు మీద, సమ్మెట పడ్డ చోట, బొటనవేలి ముద్రంత మెరుపు. ఇంకో దెబ్బ పడింది. మెరుపు అంతే ఉంది. ఇంకోటి పడింది. అంతే. ఎన్ని దెబ్బలు పడినా ఆ మచ్చ వెడల్పు కాలేదు. పక్కకి ఒక్క గీత లేదు. చూపు నిలవని వేగంతో వచ్చే అంత బరువు ప్రతిసారీ ఆ వేలిముద్ర మీదే వచ్చి వాలుతోంది. తన మొహానికి బెత్తెడు దూరంలో.

భయం ఎప్పుడు పోయిందో అతనికి తెలీలేదు. తండ్రి పక్కన పానాలు అందిస్తూ పని నేర్చుకున్నాడు. చేతివాటం ఉన్నవాళ్ళని ఎంతోమందిని చూశాడు. ఇలాంటిది చూడలేదు. ఇన్నాళ్ళూ ఇది తన ఇంట్లో ఉంది. వంటింట్లో గిన్నెలు కడిగింది, తనకి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది, తర్వాత రేకు గోడకి అవతల మౌనంగా తిరిగింది.

రోడ్డు మీద ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. ఒకాయన సైకిలు దిగి, స్టాండు వెయ్యడం మరిచిపోయి, పట్టుకునే నిలబడ్డాడు.

ధబ్, ధబ్ అని మొద్దుగా పడుతున్న చప్పుడు ఒక దెబ్బకి ఖణ్‌మంది. తర్వాతదీ ఖణ్‌మంది. ఆమె సమ్మెట దించేసింది.

"ఆగావేం?" అన్నాడు కిందనుంచి.

"చాలు బావగారూ. గొంతు మారింది."

"రాలేదుగా!"

"వస్తుంది. లోపల పట్టు తెగింది. ఇంక కొడితే తొందరపెట్టినట్టవుతుంది. దాన్ని అలా బిగువు మీదే వదిలేసి మీరు పైకి రండి." ఊపిరి అందక ఆమె మాటలు తెగుతున్నాయి. మొహమంతా చెమట, తుప్పు పొడి. "మా నాన్న అనేవాడు, ఇనుము ఒప్పుకున్నాక దాన్ని ఇంకా అడుగుతూ ఉండకూడదని."

వరండాలో పెద్దావిడ ముగ్గురికీ కంచాలు పెట్టింది. మరదలు చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది గానీ, ముద్ద పట్టుకుంటే వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. పెద్దావిడ చూసి, ఏమీ అనకుండా ఒక చెంచా తెచ్చి ఆమె కంచంలో పెట్టింది.

"కూర కొంచెం కారంగా ఉన్నట్టుంది" అన్నాడు పెద్ద మేస్త్రీ. 

"మీ కళ్ళల్లో నీళ్ళు కారానికేనా?" అంది భార్య.

అప్పుడు పేలింది.

లారీ టైరు పగిలినట్టు, అంతకన్నా గట్టిగా ఒక్కటే చప్పుడు. పైకప్పు మీది పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. గోతిలో ఇనుము మీద ఇనుము పడి మోగి, మోగి, ఆగింది.  ముగ్గురూ చేతులు కంచాల్లో పెట్టుకుని అలాగే ఉండిపోయారు. అక్కడ మనిషి లేడు. ఎవరూ తాకలేదు. ఇన్నేళ్ళ పట్టుని ఇనుము తనంతట తనే వదిలేసింది.

గేటు ధడాలున తెరుచుకుంది. చిన్న మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. ఒక కాలికి చెప్పు లేదు. లారీ పని ముగించుకుని అప్పుడే వీధిలోకి తిరిగినట్టున్నాడు. బిగించిన పుల్లర్ పగిలి ఎగిరితే ఎదురుగా ఉన్నవాడు దక్కడు. ఈ పనిలో ఉన్నవాళ్ళెవరికైనా ఆ చప్పుడుకి ముందు ఆ భయమే వస్తుంది.

"అన్నయ్యా!" అని అరుస్తూ అతను నేరుగా గోతి దగ్గరికి వెళ్ళి లోపలికి వంగి చూశాడు. అక్కడ ఎవరూ లేకపోయేసరికి వెనక్కి తిరిగాడు. వరండాలో అన్న కనిపించాడు. వచ్చి రెండు భుజాలూ పట్టుకుని మొహం, మెడ, ఛాతీ తడిమి చూశాడు. "ఎక్కడ తగిలింది? ఎక్కడ?"

"తగల్లేదురా. ఆ భుజం వదులు, నొప్పి."

చిన్న మేస్త్రీ చేతులు వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, తాము మాట్లాడుకోమని. ఒంటికాలి చెప్పుతో అటూ ఇటూ చూశాడు. వదిన పక్కన కంచం ముందు తన భార్య కనిపించింది.

"నువ్విక్కడేం చేస్తున్నావ్?"

ఆమె తల దించుకుంది. పెద్ద మేస్త్రీ లేచి నిలబడ్డాడు.

"డ్రాప్ ఆర్మ్ తీసింది" అన్నాడు. "మూడు రోజులనుంచీ నేను తియ్యలేనిది. నువ్వూ తియ్యలేవు. రా, చూద్దువుగాని."

నలుగురూ గోతిలోకి తొంగిచూశారు. అడుగున పుల్లరూ, దాని కాళ్ళ మధ్య ఇనుప చెయ్యీ పడి ఉన్నాయి. పైనుంచి సన్నటి తుప్పు దుమ్ము ఎండపొడలో ఇంకా రాలుతోంది. ఆ దుమ్ములోంచి ఇరుసు కొస వేలాడుతూ కనిపించింది. పెద్ద మేస్త్రీ దిగి దాన్ని గుడ్డతో మెల్లగా తుడిచాడు.

బాక్స్ అంతా నల్లటి మడ్డి, తుప్పు. ఈ ఒక్క రెండంగుళాల మేర మాత్రం తెల్లటి తెలుపు. పళ్ళు ఒక్కటీ అరగలేదు. ఎప్పుడో ఏ కార్ఖానాలోనో ఎవరో తొడిగి నట్టు బిగించిన తర్వాత ఈ ఇనుము మళ్ళీ వెలుగు చూడలేదు. కొండలు ఎక్కింది, వాగులు దాటింది, ఎంతమందినో దింపింది. ఈ కాస్త చోటు మాత్రం పుట్టిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది.

"పసిపిల్ల గోళ్ళలా ఉన్నాయి" అంది పెద్దావిడ.

చిన్న మేస్త్రీ కిందపడ్డ ఇనుప చేతిని పైకి తీసి, దాని పక్కనున్న మెరుపు మచ్చని చూశాడు. బొటనవేలు దాని మీద ఆనించాడు. సరిపోయింది. చాలాసేపు ఆ వేలు తియ్యలేదు. తర్వాత తలెత్తి భార్యకేసి చూశాడు.

బాక్స్ విప్పితే అనుకున్నట్టే లోపల బేరింగు గుండు ఒకటి చితికి, ముక్కలు అడ్డం పడ్డాయి. కొత్త బేరింగు వెయ్యాలంటే నొక్కి దించే ప్రెస్సు మీద ఎక్కించాలి. ప్రెస్సు అవతలివైపు ఉంది. బరువుగా ఉన్న బాక్సుని వీధి చుట్టూ తిప్పడం దేనికని చిన్న మేస్త్రీ మధ్యనున్న రేకు ఒకటి ఊడదీశాడు. పదమూడు నంబరు బోల్టులు. పానా అతని దగ్గరే ఉంది. ఆ సందులోంచి బాక్సు అటు వెళ్ళింది, కడిగిన సామాను ఇటు వచ్చింది, బేరింగు అటు వెళ్ళింది. "గ్రీజు", "ఇదుగో", "ఎంత లూజు ఉంచమంటావ్?", "వెంట్రుకంత". అంతకి మించి అన్నదమ్ములు ఏమీ మాట్లాడుకోలేదు. పాత సంగతులు ఎవరూ ఎత్తలేదు. అవి ఎక్కడివక్కడే ఉన్నాయి. పని మాత్రం నడిచింది. నాలుగోరోజు ఎండ తిరిగే వేళకి జీపు నాలుగు చక్రాల మీదా నిలబడింది.

కబురందుకుని నర్సమ్మ వచ్చేసరికి తుంపర మొదలైంది. ఎక్కి కూర్చుని, స్టీరింగు మీద చెయ్యి వేసి ఇటు చివరికి తిప్పింది, అటు చివరికి తిప్పింది. ఆమె మొహం మారిపోయింది. ఒక్క వేలితో మళ్ళీ తిప్పింది.

"మేస్త్రీగారూ, ఇది నా జీపేనా?"

"నీదేనమ్మా. వాగు దాకా నెమ్మదిగా పోనీ."

ఆ షాపులో స్టీరింగు విప్పిన ఏ బండైనా బయటికి వెళ్ళేటప్పుడు, విప్పిన మేస్త్రీ మొదటిసారి పక్కసీట్లో కూర్చుని వెళ్ళాలి. తండ్రి పెట్టిన పద్ధతి అది. నీ పనిని నువ్వే నమ్మి ఎక్కకపోతే ఇంకొకర్ని ఎలా ఎక్కమంటావు అనేవాడాయన. ఆ సీటులో తండ్రి తర్వాత పెద్ద మేస్త్రీ తప్ప ఇంకెవరూ కూర్చోలేదు. చిన్న మేస్త్రీ కూడా ఎప్పుడూ కూర్చోలేదు.

పెద్ద మేస్త్రీ చొక్కా దులుపుకుని, తలుపు తీసి, ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. అక్కడే ఆగాడు. కాలు కిందికి దించాడు.

"అమ్మాయ్" అని పిలిచాడు.

ఊడదీసిన రేకు సందులో నిలబడి చూస్తున్న మరదలు ఉలిక్కిపడింది. "ఏంటి బావగారూ?"

"రా. ఎక్కు."

"నేనా?"

"మరి విప్పిందెవరు?"

ఆమె భర్తకేసి చూసింది. చిన్న మేస్త్రీ అన్నకేసి చూశాడు. ఆ సీటంటే ఏమిటో అతనికి తెలుసు. 

"నన్నెందుకు చూస్తావ్?" అన్నాడు చివరికి. "పెద్ద మేస్త్రీ చెప్పాక ఇంకేముంది. ఎక్కు."

ఆమె జుట్టు ముడి బిగించుకుని వచ్చింది. ఎక్కడ పట్టుకుని ఎక్కాలో తెలీక తడబడితే పెద్ద మేస్త్రీ పైనున్న కమ్మీ చూపించాడు. ఆమె కూర్చున్నాక తలుపు తనే వేసి, పడిందో లేదో లాగి చూశాడు. నర్సమ్మ ఏదో అడిగింది, ఆమె ఏదో చెప్పింది, ఇద్దరూ నవ్వడం అద్దంలోంచి కనిపించింది. జీపు కదిలింది.

గేటు స్తంభాల మధ్యనుంచి ఒక్క తిప్పుకి రోడ్డెక్కింది.

అన్నదమ్ములిద్దరూ వానలో రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డారు. అక్కణ్ణుంచి కొండదారి మొదటి మలుపులు కనిపిస్తాయి. జీపు చిన్నదవుతూ ఎక్కుతోంది. మొదటి మలుపు వచ్చింది. ఆ మలుపులో రోడ్డు పక్కన లోయ.  దూరంగా ముందు చక్రాలు అడిగిన వైపు మెత్తగా మళ్ళాయి. బండి తిరిగింది. ఇంకో మలుపు, అటువైపు. మళ్ళీ తిరిగింది. అంత బరువు, అంత ఎత్తులో, ఒక ఆడమనిషి చెప్పిన మాట వింటూ, ఇంకో ఆడమనిషి విడిపించిన ఇనుము మీద వెళ్తోంది.

చివరి మలుపు దాటేటప్పుడు పెద్ద మేస్త్రీకి తన చేతులు కనిపించాయి. గాలిలో, లేని స్టీరింగుని పట్టుకుని, జీపుతో పాటు కుడికి తిప్పుతున్నాయి. సిగ్గేసి, ఎవరైనా చూశారేమోనని పక్కకి చూశాడు.

తమ్ముడు అతన్ని చూడటం లేదు. కొండకేసి చూస్తున్నాడు. వాడి రెండు చేతులూ గాలిలో ఉన్నాయి. అవీ కుడికే తిరుగుతున్నాయి.

జీపు కనుమరుగైంది. నాలుగు చేతులూ ఒకేసారి ఆగాయి.